సంతకం పెట్టని మాస్టారు

మా మాస్టారు పోయారన్న సంగతి నాకు బీఈడీ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. ఒంటిపూట బడులు మొదలైన వారం. పొద్దున ప్రార్థనకి పిల్లల్ని వరసలో నిలబెడుతూ ఫోను చూశాను. రాత్రి నిద్రలోనే పోయారని ఎవరో పెట్టారు. దాని కింద దండాల బొమ్మలు వరసగా వచ్చి పడుతున్నాయి. ఆయన క్లాసుకి ఒక్కరోజు కూడా రానివాళ్లు "మా జీవితాల్లో వెలుగు నింపిన గురుదేవులు" అని రాస్తున్నారు. ఒకడైతే ఇంకో లెక్చరర్ ఫోటో పెట్టి శ్రద్ధాంజలి ఘటించాడు. ఆ ఫోటోలో ఉన్నాయన బతికే ఉన్నారని ఎవరో చెబితే, పావుగంట తర్వాత తీసేశాడు.

ఇదంతా మాస్టారు చూసి ఉంటే పెదవి ఒక పక్కకి వంచి ఊరుకునేవారు. నేను ఊరుకోలేక రాస్తున్నాను. అయితే ఆయన గురించి రాసే అర్హత నాకూ అంతంతమాత్రమే. అదెందుకో కూడా చెబుతాను.

మా బీఈడీ కాలేజీ నూజివీడు దాటాక మామిడి తోటల మధ్య ఉండేది. మూడంతస్తుల మేడ. లోపలికి అడుగుపెట్టగానే ఎదురుగోడ మీద ప్రవేశ నియమాలు, ప్రవర్తనా నియమావళి నీలం రంగుతో రాయించారు. ఎంట్రన్సులో ర్యాంకు, డిగ్రీలో మార్కులు, క్రమం తప్పని హాజరు, బోధనాభ్యాసం, సత్ప్రవర్తన. మంచి పెయింటరు చేత రాయించినట్టున్నారు, అక్షరాలు ముత్యాల్లా ఉండేవి. ఆ గోడని చదివి, అందులో ఉన్నట్టు నడుచుకున్న మనిషి ఆ మేడలో ఒక్కరే. లెక్కలు ఎలా చెప్పాలో మాకు నేర్పిన మా మాస్టారు.

నేను చేరడానికి వెళ్లిన రోజు ఆ గోడ కిందే కూర్చున్న క్లర్కు తలెత్తకుండా అడిగాడు.

"రెగ్యులరా, నాన్ రెగ్యులరా అమ్మా?"

"అంటే ఏంటండీ?"

"రోజూ వస్తే రెగ్యులరు. పరీక్షలకి మాత్రం వస్తే నాన్ రెగ్యులరు. రికార్డులు మావాళ్లే రాసిపెడతారు. టీచింగ్ ప్రాక్టీసు కూడా అయిపోయినట్టే అనుకోండి."

నేను నాన్ రెగ్యులరు అన్నాను. అప్పటికే నూజివీడులో ఒక ప్రైవేటు బడిలో ఏడో తరగతికి లెక్కలు చెబుతున్నాను. చెప్పడం వచ్చేసినట్టే కదా, ఇక నేర్చుకునేదేముంది అనుకున్నాను. నాలాంటి తెలివైనవాళ్లు ఆ ఏడాది చాలామందే చేరారు.

మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం మా బడి వరండాలో ఒక పెద్దాయన నిలబడి ఉన్నారు. తెల్ల చొక్కా, భుజాన గుడ్డసంచీ. చేరి కూడా క్లాసుకి రానివాళ్ల పేర్లు ఒక కాగితం మీద రాసుకుని, ఒక్కొక్కరినీ వెతుక్కుంటూ బస్సుల్లో తిరుగుతున్నారని తర్వాత తెలిసింది. మా ప్రిన్సిపాల్ దగ్గర అనుమతి తీసుకుని, నా క్లాసులో చివరి బెంచీలో కూర్చున్నారు. ఆ రోజు రుణసంఖ్యల గుణకారం. రెండో వరసలో ఒక పాప లేచి, మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకవుతుంది టీచర్ అని అడిగింది. అది రూలు, రాసుకో అన్నాను.

గంట కొట్టాక ఆయన బయటికి పిలిచారు.

"ఆ పాప ఏమడిగిందమ్మా?"

"మైనస్ మైనస్ ప్లస్ ఎందుకవుతుందని అడిగిందండీ."

"నువ్వేం చెప్పావు?"

"రూలని..."

"నువ్వు పాఠం చెప్పలేదు, ఆర్డరేశావు. దానికి బీఈడీ ఎందుకు, గొంతుంటే చాలుగా. పోనీ నీకు తెలుసా, ఎందుకవుతుందో?"

"తెలీదండీ."

"ఆ మాటే పాపకి చెప్పొచ్చుగా. తెలీదమ్మా, కనుక్కుని రేపు చెప్తానంటే నీ సొమ్మేం పోయింది? నా క్లాసు తొమ్మిదిన్నరకి. వస్తే రా. రాకపోతే ఇలాగే ఆర్డర్లేసుకో."

వెళ్లిపోయారు. కోపంతో ఏడుపొచ్చింది నాకు. ఊరూ పేరూ లేని ఆ కాలేజీలో పనిచేస్తూ ఈయనకి ఇంత పొగరేంటి అనుకున్నాను. ఆ వారమంతా ఆ పాప మొహం చూడలేకపోయాను. తర్వాతి సోమవారం ఉద్యోగం మానేసి తొమ్మిదిన్నరకి ఆయన క్లాసులో కూర్చున్నాను. యాభైమంది కూర్చోవాల్సిన గదిలో మేం తొమ్మిదిమందిమి.

ఆయన కుర్చీలో కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. క్లాసు అయ్యాక బోర్డు ఆయనే తుడిచేవారు, పైనుంచి కిందికి, ఒక్క గీత మిగలకుండా. మేం రాసిన పాఠ్యపథకాలు పైకి చదివి వినిపించేవారు. అంతకంటే పెద్ద శిక్ష ఉండేది కాదు. ఒకసారి ఒకతను పాత బ్యాచ్ వాళ్ల రికార్డు ఉన్నదున్నట్టు ఎక్కించి, చివర వాళ్ల పేరు కూడా రాసేశాడు. మాస్టారు ఆ పుస్తకం మూసి అతని చేతిలో పెట్టారు. "ఇది రాసినావిడ పోయినేడే పాసైపోయిందయ్యా. కనబడితే నా నమస్కారం చెప్పు" అన్నారు.

ఇంకోసారి కిటికీలోంచి మామిడికాయల లారీ వెళ్తుంటే చూపించి అన్నారు. "మార్కెట్ యార్డులో కాయకి మచ్చుంటే పక్కకి తీసేస్తారు. మనం మాత్రం కాయని చూడను కూడా చూడం. పెట్టెలో వేసి, పైన 'సత్ప్రవర్తన' అని చీటీ అంటించి బడికి పంపేస్తాం."

ఆయనది వెటకారం అని చాలామంది నొచ్చుకునేవారు. నిజమే, వెటకారమే. కానీ తెలియని పిల్లల్ని ఆయన ఒక్కమాట అనగా నేను వినలేదు. తెలిసినట్టు నటించే పెద్దవాళ్లంటేనే ఆయనకి రోత.

రెండో ఏడు టీచింగ్ ప్రాక్టీసుకి మమ్మల్ని ఆరుగురిని చాట్రాయి వైపు ఒక ఊరి హైస్కూలుకి వేశారు. ఆ ఆరుగురిలో ఒకడు కాలేజీ నడిపే కరస్పాండెంట్ గారి మేనల్లుడు. ఒకరు పాఠం చెబుతుంటే ఇంకొకరు వెనక కూర్చుని పరిశీలన రికార్డు నింపాలి. ఆ రోజు అతను ఎనిమిదో తరగతికి చెబుతున్నాడు, నేను వెనక ఉన్నాను. ఒక పాప హోంవర్కు తేలేదు. ఎందుకు తేలేదో చెప్పబోతుంటే చెంపా చెవీ కలిపి కొట్టాడు. పాప బెంచీ మీదికి ఒరిగిపోయింది. చెవిలోంచి రక్తం వచ్చింది.

నా ఒళ్లో రికార్డు తెరిచే ఉంది. 'తరగతి నిర్వహణ, క్రమశిక్షణ: చాలా బాగుంది' అని అందులో అప్పటికే రాసి ఉంది. పాఠం మొదలవకముందే నింపేశాను మరి, అందరిలాగే.

మధ్యాహ్నం మాస్టారు వచ్చి ఏం జరిగిందని అడిగితే జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన ఆ మేనల్లుడి రికార్డు తెప్పించి ఎర్రసిరాతో ఒకే వాక్యం రాశారు. 'ఈ అభ్యర్థి పిల్లల మధ్య ఉండదగినవాడు కాడు.'

మర్నాడు కరస్పాండెంట్ గారు మమ్మల్ని ఐదుగురినీ తన గదికి పిలిపించారు. ఏసీ గది, అందరికీ కూల్‌డ్రింకులు. పాప తనంతట తనే కాలు జారి బెంచీ మీద పడిందని టైపు చేసిన కాగితం ఒకటి బల్ల మీద ఉంది.

"మీ అందరి కాండక్ట్ సర్టిఫికెట్లూ నా దగ్గరే ఉన్నాయమ్మా. మంచి పిల్లలు మీరు. నాకేం అనుమానం లేదు" అని నవ్వారాయన.

ఐదుగురం సంతకాలు పెట్టాం. నాది మూడోది. ముందు ఇద్దరు పెట్టారుగా అని నాకు నేను చెప్పుకున్నాను. అందుకే ఆ అంకె మరిచిపోలేదు.

మేమింకా అక్కడ ఉండగానే మాస్టారిని పిలిపించారు.

"చూడండి మాస్టారూ, పిల్లలే రాసిచ్చారు. ఆ ఎర్రసిరా కొట్టేసి 'సంతృప్తికరం' అని రాసి సంతకం పెట్టండి. ఒక్క మాటేగా."

మాస్టారు కళ్లద్దాలు పెట్టుకుని మా కాగితం చదివారు. కింద సంతకాలు కూడా ఒక్కొక్కటీ చదివారు. నా వైపు చూస్తారేమోనని నేను గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను.

"ఒక్క మాటేనండీ. అందుకే రాయను" అన్నారు.

"మీరు రాయకపోతే ఇంకొకరు రాస్తారు."

"రాయించుకోండి. కింద నా పేరు మాత్రం పెట్టించొద్దు."

లేచి వెళ్లి, ఆ పూట మాకు చెప్పాల్సిన పాఠం చెప్పారు. భిన్నాల భాగహారం. మా మీద ఒక్క మాట తూలలేదు. ఆ మరుసటి సోమవారం నుంచి ఆయన కాలేజీలో లేరు. ఇంకొకరెవరో రాశారు. మేనల్లుడికీ, నాకూ ఒకేలాంటి కాండక్ట్ సర్టిఫికెట్ వచ్చింది. మంచి దళసరి కాగితం. ప్రవర్తన: సంతృప్తికరం.

కొన్నేళ్లకి డీఎస్సీలో నాకు ఉద్యోగం వచ్చింది. పోస్టింగు కూడా మేం టీచింగ్ ప్రాక్టీసు చేసిన మండలంలోనే పడింది. సర్టిఫికెట్ల పరిశీలనలో ఆ దళసరి కాగితాన్ని తిప్పి కూడా చూడలేదెవరూ. స్వీటు డబ్బా పట్టుకుని నూజివీడులో మాస్టారింటికి వెళ్లాను. ఆయన ఆర్డరు కాగితం చదివి తిరిగిచ్చేశారు. డబ్బా ముట్టుకోలేదు.

"ఆ పాప పేరేంటి?" అన్నారు.

"ఏ పాపండీ?"

"నువ్వు సంతకం పెట్టిన కాగితంలో కాలు జారి పడిన పాప."

నాకు తెలియదు. ఆ కాగితంలో పేరు ఉంది, కానీ నేను చదవలేదు.

"తెలుసుకునిరా. తర్వాత మాట్లాడుకుందాం" అని లేచి లోపలికి వెళ్లిపోయారు. ఇంటికొచ్చిన మనిషికి మంచినీళ్లయినా ఇవ్వలేదేంటని అమ్మగారు, అంటే మాస్టారి భార్య, ఆయన్ని కోప్పడటం వీధిలోకి వినిపించింది.

వారం తర్వాత ఆ ఊరు వెళ్లి వాకబు చేశాను. పాప ఆ దెబ్బ తర్వాత బడికి రానేలేదట. వాళ్లమ్మతో పాటు తోటల్లో కాయలు ఏరి పెట్టెలకెత్తే పనికి వెళ్తోంది. ఎడమ చెవి వినబడదు. వాళ్లింటి అరుగు మీద కూర్చుని, నేను ఏం చేశానో తల్లికి చెప్పాను.

"అయితే మా పిల్లే పడిపోయిందని రాసిచ్చింది మీరాండీ?"

"నేను కూడానండీ."

ఆవిడ తిడుతుందని సిద్ధపడ్డాను. "పడితే చెంప మీద అయిదు వేళ్లూ తేలతాయాండీ? చదువుకున్నోళ్లు కదా, మీకెవరికీ అనుమానం రాలేదా?" అంది మెల్లిగా. ఆ పిల్ల గుమ్మంలో నిలబడి అంతా విని, ఒకటే అడిగింది.

"ఎనిమిదో క్లాసు పుస్తకాలు అయ్యేనా మేడం, మారిపోయినయ్యా?"

ఆ పిల్ల పేరు మాస్టారికి చెప్పాను. ఇక్కడ రాయను, అది ఆమె సొంతం. పేరు విని మాస్టారు ఊరుకోలేదు. తర్వాతి ఆదివారం నాతో బస్సెక్కారు. మోకాళ్ల నొప్పులతో ఆ మెట్లెక్కడానికి ఆయనకి ఒక నిమిషం పట్టేది. పదో తరగతి ప్రైవేటుగా కట్టించి, రెండేళ్లు ఆదివారాలు ఇద్దరం చెప్పాం. నేను తెలుగూ సైన్సూ, ఆయన లెక్కలు. ఎప్పుడూ ఆమెకి కుడివైపే కూర్చునేవారు. లెక్కల్లో ఒకసారి తప్పి, రెండోసారి గట్టెక్కింది. ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. పాపని కొట్టిన రోజు నిజంగా జరిగింది నేను రాసి, పేరు పెట్టి, పై ఆఫీసుకి పంపాను. ఇప్పటివరకు జవాబు లేదు. ఈ సంగతి మాస్టారితో అంటే "జవాబు కోసం రాశావా, నిజమని రాశావా?" అన్నారు.

పదకొండో రోజు తర్వాత సంతాపసభ పెట్టారు. ఎక్కడో చెబితే నమ్మరు. ఆ కాలేజీలోనే. స్టేజీ మీద మాస్టారి ఫోటోతో పెద్ద ఫ్లెక్సీ, కింద 'విలువల శిఖరం' అని. పక్కనే కరస్పాండెంట్ గారి ఫోటో, మాస్టారి ఫోటో కంటే కాస్త పెద్దది. కుర్చీలు నింపడానికి ఇప్పటి విద్యార్థులకి ఫోన్లు చేసి రప్పించారు. ఆ రోజు మాత్రం హాజరు తప్పనిసరి అన్నారట. మేనల్లుడు ఇప్పుడు వాళ్ల సొంత స్కూలికి ప్రిన్సిపాలు. మైకు పట్టుకుని, "క్రమశిక్షణ అంటే ఏంటో ఈ గురువుగారి దగ్గరే నేర్చుకున్నాను" అన్నాడు. గొంతు కూడా వణికించాడు. చప్పట్లు కొట్టారు. సంతాపసభలో చప్పట్లు!

తర్వాత నన్ను పిలిచారు, గవర్నమెంటు టీచరుని కదా. నేను మైకు దగ్గరికి వెళ్లి, జరిగింది వరసగా చెప్పాను. ఏ తరగతిలో, ఎవరు, ఎవర్ని కొట్టారో. కాగితం ఎక్కడ టైపయిందో. సంతకాల్లో మూడోది నాదని. మాస్టారు ఈ కాలేజీలో నుంచి ఎందుకు వెళ్లిపోవాల్సి వచ్చిందో.

గొడవవుతుందనుకున్నాను. అదీ లేదు. కరస్పాండెంట్ గారు అదే నవ్వు నవ్వుతూ కూర్చున్నారు. మేనల్లుడు ఫోనులో ఏదో చూసుకుంటూ బయటికి నడిచాడు. నిర్వాహకుడు వచ్చి మైకు తీసుకుని, "మేడం గారు ఎమోషనల్ అయ్యారు. టిఫిన్లు చల్లారిపోతున్నాయండీ, అందరూ హాల్లోకి రావాలి" అన్నాడు. అందరూ వెళ్లారు. ఉప్మా బాగుందని కూడా చెప్పుకున్నారు.

ముందు వరసలో అమ్మగారు ఒక్కరే మిగిలారు. నేను వెళ్లి పక్కన కూర్చుంటే నా చెయ్యి పట్టుకున్నారు.

"నాతో ఎప్పుడూ చెప్పలేదమ్మా. దూరం తిరగలేక నేనే మానేశానన్నారు. మీ పేర్లు బయటికి రాకూడదనుకున్నారేమో" అన్నారు.

ఆ మాటకి నాకు దుఃఖం ఆగలేదు. పెదవి వంచి ప్రపంచాన్ని తూలనాడే ఆ మనిషి మమ్మల్ని ఇంట్లో కూడా కాపాడారు. అందుకు మేం తగినవాళ్లం కాదని తెలిసే.

గేటు దగ్గర ఒక అమ్మాయి నా వెనకాల వచ్చింది. ఉంగుటూరు నుంచట, కుర్చీ నింపడానికి వచ్చినవాళ్లలో ఒకతి. "మేడం, నేను రెండో సంవత్సరమండీ. ఇప్పటిదాకా పిల్లల ముందు ఒక్కసారి కూడా నిలబడలేదు. రికార్డులో మాత్రం అన్ని పాఠాలూ చెప్పేసినట్టుందండీ. మీ స్కూలికి రావచ్చా?" అంది. శనివారం ఏడున్నరకల్లా రమ్మన్నాను.

మొదటి బస్సుకే వచ్చింది. ఆరో తరగతికి పంపి నేను వెనక కూర్చున్నాను. నా ఒళ్లో రికార్డు లేదు. ఆమె బోర్డు మీద రాసిన వరస కిందికి జారిపోయింది. నిష్పత్తి అంటే ఏంటో చెప్పబోయి రెండుసార్లు తడబడింది. ఇంతలో కిటికీ పక్కన ఒక పిల్ల చెయ్యెత్తి, అర్థం కాలేదు టీచర్ అంది. నేను కదలకుండా చూస్తున్నాను. ఆ అమ్మాయి చాక్‌పీసు బల్ల మీద పెట్టి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, ఆ పిల్ల బెంచీ పక్కన నేల మీద మోకాళ్లపై కూర్చుంది. "ఎక్కడ అర్థం కాలేదమ్మా, చెప్పు" అని మొహం పైకెత్తి వింటోంది.