అమ్మ చెప్పిన ప్రార్థన అవసరత

వేరే ఊరి జైలులో రిమాండులో ఉన్నప్పుడు జైలువాళ్లు నన్ను కొట్టారు. బయటికి వచ్చాక దాని మీద హైకోర్టులో కేసు వేశాను. ఆ దెబ్బల తర్వాత నిద్రలో పక్క తడుపుతున్నానని డాక్టరు రాసిన రిపోర్టు మాత్రం ఎవరి కంటా పడకూడదని మా లాయరుగారిని బతిమాలాను. దాన్ని సీలు వేసిన కవరులో ఇవ్వడానికి కోర్టు ఒప్పుకుంది. ఇక జడ్జిగారు తప్ప ఎవరూ చదవరని అమ్మకు చెప్పి, దేవుణ్ణి స్తుతించాను.

ఆ ఆదివారం నర్సీపట్నంలోని మా సంఘంలో పాస్టరుగారు ప్రార్థన అవసరతలు అడిగారు. అమ్మ లేచి కొంగు తల మీదికి లాక్కుంది.

"అయ్యగారూ, జైల్లో కొట్టినకాణ్ణించీ మా వోడు రాత్రుళ్లు పక్క తడిపేస్తన్నాడండి. బేగి బాగవ్వాలని ప్రార్థన సెయ్యండి."

మగవాళ్ల వైపు చాప మీద కూర్చున్న నేను తల ఎత్తలేదు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. పాస్టరుగారు నా పేరు పెట్టి మరీ ప్రార్థించారు. అందరూ ఆమేన్ అన్నారు.

ఆరాధన ముగిశాక మందిరం గుమ్మం దగ్గర అమ్మను నిలదీశాను. "అందరికీ ఎందుకు సెప్పేసినావు?"

"కోర్టులో దాసుకున్నావు, సరే. దేవుడి బిడ్డల కాడ కూడా దాపరికమేట్రా?"

చాప మీద నేను మరిచిపోయిన బైబిలును అమ్మ నా చేతికివ్వబోయింది. అది అందుకోకుండా, అందరూ చూస్తుండగానే, ఆమెను వదిలేసి ముందు నడిచి వెళ్లిపోయాను.