మామిడి కొత్తకు నాలుగు రోజుల ముందు

అరకు దాటాక బస్సు దిగి, మరో గంట నడిస్తే వచ్చే కొండ ఊరది. అక్కడ ఒక పెంకుటింటి ముందు గదిలో అద్దెకుంటూ నేను బెంగళూరు కంపెనీకి పని చేసేదాన్ని. నెట్టు అరుగు ఎడమ మూలన మాత్రమే వచ్చేది. బల్ల జానెడు జరిగినా పోయేది. అందుకని రోజంతా ఆ మూలకే అతుక్కుని ఉండేదాన్ని. ఎదురుగా కాఫీ తోట. పొద్దున పూట మంచు తోటలోంచి తీరిగ్గా నడిచొచ్చి నా ల్యాప్‌టాప్ మీద కూర్చునేది. మీటింగులో ఎవరెవరో గట్టిగా వాదించుకుంటుంటే ఆ మాటలు నీళ్ళ అడుగు నుంచి వస్తున్నట్టుండేవి. నిజం చెప్పొద్దూ, సగం వినేదాన్నే కాదు.

నెల రోజులుండి పోదామని వచ్చాను. తొమ్మిది నెలలయింది. ఇక వెళ్ళాలని లేదు.

ఇల్లుగల పెద్దమ్మ ఒక్కర్తే కాఫీ, మిరియాలు, చోళ్ళు పండించేది. నన్ను బాగా చూసుకునేది. ఆ బాగా చూసుకోవడమే నాకు కంటగింపు. తనూ, వచ్చీపోయే ఊరివాళ్ళూ అడ్డాకుల్లో తింటుంటే నాకు మాత్రం పువ్వుల అంచున్న స్టీలు కంచం తీసేది. చుట్టాల కంచం అది. దానికి తోడు, ఊటబావి దగ్గర, సంతలో, ఎవరు కనిపించినా ఒకటే పలకరింపు: "ఎప్పుడెల్తావు గుంటా?" ప్రేమగానే అడిగేవాళ్ళు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. తొమ్మిది నెలలున్నా నేను వచ్చీపోయే మనిషినేనా? ఆ ఒక్క మాట మారితే చాలు, ఇంకేమీ అక్కర్లేదనిపించేది.

చైత్రంలో ఒక వాన పడింది. రెండు వారాలు తిరిగేసరికి కాఫీ మొక్కలన్నీ తెల్లగా పూశాయి. ఆ వాసనలో మనిషికి బుద్ధి నిలవదు. మధ్యాహ్నం ఒక పొడుగాటి కాల్ నడుస్తోంది, కెమెరా ఆపేసి వింటున్నాను, అంటే వినడం లేదు. పెరట్లో టప్‌మని చప్పుడైంది. వెళ్ళి చూస్తే పచ్చి మామిడికాయ. ఉప్పూ కారం అద్దుకుని టెంక దాకా కొరికేశాను. పళ్ళు పులిసిపోయాయి. కళ్ళు మూసుకుంటే చిన్నప్పటి వేసవి సెలవులన్నీ నోట్లోకి వచ్చాయి. ఎంత హాయో.

సాయంత్రం పెద్దమ్మ తోట నుంచి వచ్చి, బల్ల మీద టెంక చూసి ఆగిపోయింది.

"ఇదెవులు తిన్నారు?"

"నేనే పెద్దమ్మా. రాలితే తీసుకున్నా."

తను అరుగు మీద కూలబడింది. "మామిడి కొత్త ఇంకా నాల్రోజులుంది కదే."

అప్పుడు గుర్తొచ్చింది. కొత్త మామిడికాయ ముందు ఊరి దేవతకి పెట్టాలి. ఆ పండగే మామిడి కొత్త. అది అయ్యేదాకా ఊళ్ళో ఎవరూ కాయ నోట పెట్టరు. చెట్టు కింద రాలినవి కూడా అలాగే వదిలేస్తారు. పెద్దమ్మ నాకు ఎన్నిసార్లు చెప్పిందో. నేను స్క్రీన్ చూస్తూ ఊఁ కొట్టి ఉంటాను. సిగ్గుతో చచ్చిపోయాను.

దాచేయమన్నాను. పెద్దమ్మ దాచలేదు, ఊరి పెద్దని పిలుచుకొచ్చింది. ఆయన టెంకని అటూ ఇటూ తిప్పి చూశాడు. కోపమేమీ లేదు మొహంలో.

"ఇంటోళ్ళు తింటే తప్పు. అమ్మోరికి కోడెయ్యాల. పైనుంచొచ్చినోళ్ళకి ఏటి తెలస్తది? ఆళ్ళకి తప్పు లేదు," అన్నాడు. తర్వాత పెద్దమ్మ వైపు తిరిగాడు. "ఈ గుంట సుట్టమే కదా. అలా సెప్పీ, అయిపోద్ది."

బతికిపోయాననుకోవాలి నేను. అనుకోలేదు. సుట్టమే అని పెద్దమ్మ ఒక్క ముక్క అంటే చాలు, పెరట్లో పొదగబోతున్న ఎర్ర పెట్ట దక్కుతుంది. ఇంట్లో ఉన్న కోడి అదొక్కటే. దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని పెద్దమ్మ కబుర్లు చెప్పడం రోజూ చూస్తూనే ఉన్నాను. అయినా ఆ మాట తన నోటి నుంచి రాకూడదని కోరుకున్నాను. ఎంత స్వార్థం నాది!

పెద్దమ్మ తోట వైపు చూసింది. మంచు దిగుతోంది, పూలూ మంచూ వేరుగా కనబడటం లేదు.

"సుట్టమేటి," అంది చివరికి. "తొమ్మిది నెల్లు నా పొయ్యి మీద కూడు తింది. ఇంటిదే. తప్పు తప్పే."

ఊరి పెద్ద తలాడించి లేచి వెళ్ళిపోయాడు. నేను ఏడుస్తున్నాను, ముక్కు కూడా కారుతోంది. పెద్దమ్మ నా వైపు చూడలేదు, గంప అందుకుని నా చేతిలో పెట్టింది.

"ఏడుపెందుకు? తిన్నది నువ్వు, పెట్టని పట్టాల్సింది నువ్వే. సీకటి పడిపోతంది, బేగి ఎల్లు."

ఆ పెట్ట నన్ను కాఫీ చెట్ల మధ్య మూడుసార్లు తిప్పింది. చివరికి దానంతటదే వచ్చి పెద్దమ్మ కాళ్ళ దగ్గర నిలబడింది.