బూట్ల మీదే చూపు

ఎల్ఫ్రీడ పుట్టింది బెర్లిన్‌లో, పెరిగింది బెర్లిన్‌లో. ఇప్పుడదే బెర్లిన్‌కి చుట్టపు చూపుగా వచ్చింది. ఊరికి అడ్డంగా గోడ కట్టినప్పుడు ఆమె ఉన్న వీధి తూర్పువైపు ఉండిపోయింది. ఆ ఏడాది చలికాలంలోనే ఆమె పడమటివైపుకి పారిపోయి వచ్చి, హానోవర్‌లో ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీలో పనికి కుదిరింది. డబ్బాలకు మూతలు బిగించే పని. ఎవరైనా గట్టిగా తలుపు తడితే చాలు, చేతిలో మూత కింద పడేది. తోటి ఆడవాళ్ళు నవ్వేవారు. నవ్వరూ మరి? పాము కాటు తిన్నవాడు తాడును చూసి ఎందుకు బెదురుతాడో, తినని వాళ్ళకేం తెలుస్తుంది!

బెర్లిన్‌కి ఆమె విమానంలోనే వచ్చింది. పడమటి బెర్లిన్ చుట్టూ తూర్పువాళ్ళ నేలే; రైలైనా రోడ్డైనా దాని మీదుగానే పోవాలి. పారిపోయినవాళ్ళ పేర్లు వాళ్ళ దగ్గర భద్రంగా ఉంటాయి. దొరికితే జైలే.

ఇంత భయం పెట్టుకుని వచ్చింది ఓటీలీ పిన్ని కోసం. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ, పిన్ని నోటికి జడిసే ఊరు మంచిగా ఉండేది. కూరగాయల కొట్టువాడు ఆమెను దూరం నుంచి చూడగానే కుళ్ళిన బంగాళాదుంపలు పక్కకు తీసేసేవాడు. అలాంటి మనిషి, పిత్తాశయంలో రాళ్ళున్నాయి, కొయ్యాలి అని డాక్టరు చెప్పేసరికి చంటిపిల్లయిపోయింది.

"మత్తు పెడతారటే," అంది పిన్ని, ఎల్ఫ్రీడ చెయ్యి పట్టుకుని. "ఆ మత్తులోకి పోయేముందు నీ ముఖం చూస్తేనే నేను తిరిగొస్తాను. లేకపోతే రాను. ముందే చెప్తున్నా."

"అవేం మాటలు పిన్నీ! నీ నోటికి భయపడి వాళ్ళే నిన్ను తొందరగా పంపించేస్తారు."

పిన్ని నవ్వలేదు. పట్టుకున్న చెయ్యీ వదల్లేదు.

పిన్ని ఇల్లు ఊరికి ఉత్తరాన, ఆస్పత్రి దక్షిణాన. రెంటికీ మధ్య పడమటివాళ్ళ భూగర్భ రైలు తిన్నగా పోతుంది. కాకపోతే నడుమ కొంత దూరం తూర్పువాళ్ళ నేల కింద నుంచి పోతుంది. అక్కడి స్టేషన్లకు తాళాలు వేసి ఉంటాయి. ఆ మసక వెలుతురులో తుపాకులు పట్టుకుని కాపలావాళ్ళు నిలబడతారు. రైలు ఆగేది ఒక్క ఫ్రీడ్రిష్ వీధి స్టేషన్‌లోనే; అక్కడ కాగితాలు చూపించి సరిహద్దు దాటొచ్చు. పడమటి బెర్లిన్ జనం రోజూ ఆ దారిన పేపరు చదువుకుంటూ పోతారు, వాళ్ళకేం లెక్కలేదు. ఎల్ఫ్రీడ మాత్రం బస్సులు మారుకుంటూ, ఊరంతా చుట్టి వెళ్ళేది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నది ఆమె లెక్క.

ఆపరేషన్ రోజు తెల్లవారేసరికి మోకాళ్ళలోతు మంచు. బస్సుల జాడ లేదు. స్టాపు దగ్గర నిలబడి గడ్డకట్టుకుపోతుంటే, ఇంటి కింది వాటా ఆవిడ తలకి గుడ్డ చుట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"ఇంకా ఇక్కడే ఉన్నావా తల్లీ? ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది. మధ్యాహ్నం కాదట, ఇప్పుడే తీసుకుపోతారట. రైలెక్కు, రైలెక్కు!"

ఎల్ఫ్రీడ స్టేషన్ మెట్లదాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. తిరిగి రానన్న మనిషి మాట చెవిలో గింగురుమంటోంది. టికెట్టు కొని, కళ్ళు మూసుకుని కిందికి దిగి రైలెక్కేసింది.

పడమటివైపు చివరి స్టేషన్ వచ్చింది. "ఇది పడమటి బెర్లిన్‌లో ఆఖరి స్టేషన్" అని మైకులో చెప్పారు. ఆ మాటకి రైల్లో ఎవరూ తలెత్తలేదు. ఎల్ఫ్రీడ లేచి తలుపుదాకా పోయింది. తలుపులు మూసుకున్నాయి.

"ఏమ్మాయ్, దయ్యాన్ని చూసినట్టున్నావ్," అంది ఎదురు సీటులోని లావుపాటి ఆవిడ. ఒళ్ళో ఖాళీ సంచీ ఉంది. "ఊరికి కొత్తా?"

ఎల్ఫ్రీడ తలూపింది. నోరు తెరిస్తే బెర్లిన్ యాస పట్టుబడుతుంది.

"ఏం భయం లేదు. ఫ్రీడ్రిష్ వీధిలో ప్లాట్‌ఫారం మీదే కొట్టుంది, సిగరెట్లు చవక. మా ఆయన పొగ కోసం నేను వారం వారం వస్తా. ఆ కాపలావాళ్ళకి నా ముఖం చూసి చూసి విసుగొచ్చుంటుంది!"

ఫ్రీడ్రిష్ వీధిలో ఆవిడ సంచీ ఊపుకుంటూ దిగిపోయింది. ఎల్ఫ్రీడ కిటికీలోంచి ప్లాట్‌ఫారం చూసింది. పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆనాడు పారిపోతూ తను దిగి వచ్చింది ఆ మెట్ల మీదుగానే. చేతిలో ఎవరో స్విస్ అమ్మాయి పాస్‌పోర్టు. ముక్కు కలిసింది, జుట్టు కలిసింది, కళ్ళ రంగు కలవలేదు. "తల ఎత్తకు, నోరు విప్పకు. నీ బూట్లే చూసుకుంటూ నడిచిరా. బూట్లకు పేరుండదు, ఊరుండదు" అని పడమటివైపు నుంచి పిన్ని ఆ పాస్‌పోర్టుతోబాటు కబురు పంపింది. తను బూట్లే చూస్తూ వచ్చింది. చివరికి ఆ బూట్ల ఎదురుగా ఇంకో జత బూట్లు వచ్చి నిలబడ్డాయి, అరిగిపోయిన మడమలతో. అవి పిన్నివి. పడమటివైపు రైలు కోసమన్నట్టు ఆ ప్లాట్‌ఫారం మీద పొద్దుటినుంచీ కాపు కాసింది మహాతల్లి.

రైలు కదిలింది. హమ్మయ్య అనుకునేలోపు, తాళం వేసిన తర్వాతి స్టేషన్‌లో గట్టిగా కుదుపిచ్చి ఆగిపోయింది. దీపాలు సగానికి సగం ఆరిపోయాయి.

"సిగ్నల్ చెడింది, కూర్చోండి," అని మైకు గొణిగింది.

"పోయినసారి ఇలాగే ఆగితే వాళ్ళొచ్చారు," అన్నాడు పక్క సీట్లో పేపరు చదువుతున్న ఆయన, దాన్ని మడుస్తూ. "అందరినీ దించి, ఒక్కొక్కరి కాగితాలూ చూసి గానీ రైలును కదలనివ్వలేదు. మా వియ్యపురాలు ఆ రైల్లోనే ఉంది."

ఎల్ఫ్రీడ చెయ్యి సంచీ మీద బిగుసుకుంది. లోపల గుర్తింపు కార్డు. అందులో పేరు, పుట్టిన ఊరు. పారేద్దామా? ఎక్కడ పారేస్తుంది? ఇక్కడ పట్టుబడితే పిన్ని అక్కడ తలుపువైపు చూస్తూ చూస్తూ మత్తులోకి పోతుంది, తను రాలేదనే అనుకుంటుంది. ఆ ఆలోచన జైలుకన్నా ఎక్కువ భయపెట్టింది.

ప్లాట్‌ఫారం మీద అడుగుల చప్పుడు. టార్చి వెలుగు ఒక్కో కిటికీ మీదా పడుతూ వస్తోంది. పేపరాయన పేపరు మళ్ళీ విప్పి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆమె తల వంచేసింది. బూట్లు. గోధుమరంగు బూట్లు, ఎడమదానికి ముందు గీత పడింది, మంచు కరిగి చుట్టూ నీళ్ళు. వెలుగు వచ్చి ఆ నీళ్ళ మీద పడింది. అక్కడే ఉండిపోయింది. ఆమె ఆ గీతనే చూసింది. తల ఎత్తకు, నోరు విప్పకు. అద్దం మీద ఎవరో వేలితో తట్టినట్టనిపించింది. తట్టారో, తన గుండేనో. కాసేపటికి నీళ్ళు మళ్ళీ నల్లబడ్డాయి.

రైలు కదిలింది. పడమటివైపు మొదటి స్టేషన్ వచ్చినా ఆమె తల ఎత్తలేదు. ఆస్పత్రి స్టేషన్ పేరు వినపడ్డాకే లేచింది.

ఆస్పత్రిలో పిన్నిని చక్రాల మంచం మీద వరండాలోకి తెచ్చేశారు. అప్పటికే ఏదో సూది వేశారు, మాట కాస్త ముద్దగా వస్తోంది.

"వచ్చావా? బస్సులు నడుస్తున్నాయా?"

"లేదు పిన్నీ. కింది నుంచి వచ్చా."

పిన్ని కళ్ళు పెద్దవయ్యాయి. "పిచ్చిమొద్దూ! నిన్ను ఈడ్చుకుపోతే? నేను బతికుంటేనేం, చస్తేనేం అప్పుడు?" తిట్టు సగంలోనే మింగేసి అడిగింది. "ఆపారా?"

"ఆపారు. నువ్వు చెప్పిందే చేశా. బూట్లు చూస్తూ కూర్చున్నా."

పిన్ని దుప్పటి చివర తన పాదాలవైపు చూసుకుంది. తర్వాత చిన్నగా అంది. "నావి తీసేసుకున్నారే."

ఎల్ఫ్రీడ అక్కడే గోడకి ఆనుకుని, తడి బూట్లు రెండూ లాగి, పిన్ని కాళ్ళ దగ్గర దుప్పటి మీద నిలబెట్టింది.

"ఏమిటండీ ఇది! ఆస్పత్రి అనుకున్నారా, చెప్పుల కొట్టనుకున్నారా?" నర్సు కసిరింది.

మామూలుగా అయితే ఎల్ఫ్రీడ అలాంటి గొంతుకి పది అడుగులు వెనక్కి వేసేది. ఇప్పుడు మంచం కమ్మి పట్టుకుని కదల్లేదు. "తలుపుదాకానేనమ్మా. అక్కడ తీసేస్తా."

నర్సు పిన్ని ముఖం చూసింది. ఏమనుకుందో, మంచం తోసింది.

తడి మేజోళ్ళతో ఎల్ఫ్రీడ పక్కనే నడిచింది. పిన్ని దిండు మీద తల కొంచెం ఎత్తి పెట్టుకుని బూట్లనే చూస్తోంది, గీత పడిన ఎడమదాన్ని. నీ ముఖం చూస్తేనే తిరిగొస్తానన్న మనిషి, తలుపు వచ్చేదాకా ఒక్కసారైనా ఎల్ఫ్రీడ ముఖంవైపు చూడలేదు.