ఏ తలుపుకూ ఆగనివి

ఆగిరిపల్లి మామిడి తోటల్లో కూలికి వెళ్లే గోవిందమ్మను ఊరు ఆ పేరుతో ఎప్పుడు పిలిచింది గనక! గ్రహణంలో కాయ కోసిన మనిషి అనేది. పందొమ్మిది వందల యాభై ఎనిమిది వేసవిలో కడుపుతో ఉండి, గ్రహణం పట్టిన వేళ పచ్చడికి మామిడికాయ తరిగింది. పిల్ల మొర్రి పెదవితో పుట్టింది. పాలు చీకలేక పురిట్లోనే పోయింది. పిల్లను మింగావని అత్త అచ్చమ్మ దెప్పని రోజు లేదు. పుండు మీద కారం చల్లడానికి ఊరూ తోడైంది. ఊరిదేం పోయింది!

ఏడేళ్లకు మళ్లీ కడుపు పండింది. అంతలో కార్తీక అమావాస్యకు సూర్యగ్రహణం అన్నారు. గోవిందమ్మకు ముద్ద దిగలేదు.

ఆమె అంట్లు తోమే ఇంటావిడ కల్యాణి, సైన్సు టీచరు. పేపర్లో పడిన వార్త ఒకటి చెప్పింది. కోలారు బంగారు గనుల అడుగున న్యూట్రినోలనే కణాల జాడ పట్టారట. పెద్ద నక్షత్రం గుండె కూలి చిన్న ముద్దగా బిగుసుకుపోయేటప్పుడు కూడా అవి లెక్కలేనన్ని పుట్టి, వెలుగు కంటే ముందే బయటపడతాయని శాస్త్రవేత్తల ఊహట. ఇంటి కప్పూ కొండా భూమీ ఏదీ వాటికి అడ్డం కాదట.

గోవిందమ్మ చెయ్యి పొట్ట మీదికి పోయింది. "కడుపులోకి కూడానా అండీ?"

"నీలోంచీ నాలోంచీ ఇప్పుడూ పోతూనే ఉన్నాయి. ఎవర్నీ ఏమీ చెయ్యవు," అంది కల్యాణి. గ్రహణం వట్టి నీడేనని, కాయ కోస్తే పెదవి చీలదని కూడా చెప్పింది.

నమ్మాలని ఎంత ఆశో! కానీ భయం. గ్రహణం నాడు అచ్చమ్మ కోడల్ని గదిలో పడుకోబెట్టి, తలుపేసి, లోపలివైపు గుమ్మంలో కూర్చుంది. గోవిందమ్మ వెల్లకిలా కట్టెలా పడుకుంది. దురద పుట్టినా గోక్కోలేదు. బిడ్డ కదిలినప్పుడల్లా ప్రాణం నోట్లోకొచ్చింది. గ్రహణం విడిచాక లేవబోతే కాళ్లు తిమ్మిరెక్కి కూలబడింది.

మామిడి పూత రోజుల్లో కొడుకు పుట్టాడు. అదే పెదవి. మంత్రసాని మొహం తిప్పుకుంది.

"కదిలుంటావే నువ్వు," అంది అచ్చమ్మ. గొంతులో ఎప్పటి జోరు లేదు.

"గుమ్మంలో నువ్వే ఉన్నావుగా అత్తా. వేలు కూడా కదపలేదు."

"మరి తలుపేశాను కదే. ఎట్టా సోకింది?"

గోవిందమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుస్తూనే ఉగ్గుగిన్నెలోకి పాలు పిండుకుని, బిడ్డ నోట్లో చుక్క చుక్కగా పోసింది. వాడు గుటక వేశాడు. అచ్చమ్మ దగ్గరికొచ్చి వాడి తల ఎత్తి పట్టుకుంది.

"పైనుంచి వచ్చేవాటికి తలుపులు అడ్డం కాదంట. వచ్చినా పిల్లల్నేమీ చెయ్యవంట," అంది గోవిందమ్మ. "మొదటి పిల్లను నేను చంపలేదత్తా."