ఆముదం తాగిన రైఫిల్

ఆ రోజుల్లో, అంటే అరవైల్లో, నల్లగొండ ఎండాకాలంలో మనుషులు రోజు విడిచి రోజు స్నానం చేసినా ఎవరూ తప్పు పట్టేవారు కాదు. నీళ్ల కరువు అలాంటిది. మా రైఫిల్ క్లబ్బులో నా రైఫిల్‌కు మాత్రం రోజుకు రెండు పూటలా తలంటు. ఆ నియమం మా ఉస్తాద్‌ది. ఫౌజులో పనిచేసి వచ్చిన ఆ పెద్దమనిషి దగ్గర పది గుండ్లు కాల్చడం పావుగంట పని, గొట్టం తుడవడం గంట పని. చువ్వకు పేలిక చుట్టి వెనక నుంచే తోయాలి (మూతి వైపు నుంచి తోస్తే అంచు అరిగి గురి పోతుందట). నూనె పేలిక, పొడి పేలిక, మళ్లీ నూనె పేలిక. పేలికలన్నీ మా అవ్వ పాత చీరవే.

"గొట్టంలకెళ్లి సూడు బేటా. ఏం కనవడ్తాంది?"

"అవుతలి పక్క కనవడ్తాంది ఉస్తాద్."

"మెరుస్తాందా?"

"అవుతలి పక్కనా?"

ఆ జవాబుకు ఇంకో పది పేలికలు పడేవి. ఇంట్లో మా అవ్వ గొణుగుడు వేరే. "ఒక్క గిన్నె కడగడు గని, గా ఇనుప గొట్టానికి ఊడిగం చేస్తాండు."

క్లబ్బులో రెండో రైఫిల్ మా మేనబావది. వాడు ఉస్తాద్ నీడ కనబడితే సైకిలెక్కేవాడు. వారానికోసారి పొడి పేలిక ఒకటి తోసి దణ్ణం పెట్టేవాడు. అయినా వాడి గుండ్లు నా గుండ్లంత బాగానే పడేవి. నా కడుపుమంట అదే.

ఇంతలో హైదరాబాద్ పోటీకి మా ఇద్దరిలో ఒకణ్ణి పంపుతామన్నారు. పది గుండ్లు, ఎవరికి ఎక్కువ వస్తే వాడు. నేను అప్పటికి ఆ దారిలో చౌటుప్పల్ దాటి ఎరుగను. పట్నం చూడాలంటే ఇదొక్కటే దారి.

ముందు రోజు తుపాకి నూనె అయిపోయింది. ఉస్తాద్ చలించలేదు. "ఆముదం తే. బండి ఇరుసుకు పనికొచ్చేది గీనికి పనికి రాదా?" మా వైపు దీపానికి, నెత్తికి, పసిపిల్లల కడుపుకి అన్నింటికీ ఆముదమే కాబట్టి నాకూ సబబుగానే తోచింది. ధారాళంగా పట్టించాను. తెల్లారి ఆయన చెప్పిన పనులన్నీ చేశాను. తుపాకి కర్రపిడి తుడిచాను, తోలుపట్టీ తుడిచాను, గుండ్లు కూడా ఒక్కొక్కటే తుడిచాను. "కాల్చే ముంగట పొడి పేలిక తోసుడు మరువకు" అని ఆయన మళ్లీ అన్నప్పుడు, ఇక చాలు మహానుభావా అనుకుని, పేలిక జేబులో పెట్టుకుని పడుకుని గురి చూశాను.

మొదటి గుండుకు ఆరిన దీపం వాసన వచ్చింది. గుండు వెళ్లి పక్కనున్న మా బావ గురి అట్టలో పడింది.

"సాయం చాలు బావా," అన్నాడు వాడు తల తిప్పకుండానే. "నా అట్ట నేనే కొట్టుకుంట."

రెండోది అట్టల వెనక మట్టికట్టకు, మూడోది అట్ట మూలకు. ఆముదం కాలిపోయాక మిగతా ఏడూ నల్లటి చుక్కలోనే పడ్డాయి. ఏం లాభం, బావ పట్నం వెళ్లాడు.

ఉస్తాద్ వచ్చి రైఫిల్ మూతి వాసన చూశాడు. "పొడి పేలిక తోసినవా?"

నా చెయ్యి జేబు మీదికి పోయింది.

"నేను చెప్పిన ఇరవై పనులల్ల పంతొమ్మిది ఉత్తయే బేటా," అన్నాడాయన నిదానంగా. "మీ చేతులు ఊకె ఉండొద్దని చెప్పిన. గదొక్కటే అసలుది."

ఆ ముక్క నాకు ముందు రోజే చెప్పకూడదా అని ఇప్పటికీ ఆయన మీద విసుగే. చెబితే మాత్రం, అంత తెలివైనవాణ్ణి, వినేవాణ్ణా? పేలిక అప్పటికీ జేబులోనే ఉంది, అవ్వ చీర ఎర్ర అంచు ముక్క. దాంతో మొహం తుడుచుకుని ఇంటికి నడిచాను. ఆ రోజు అది పనికొచ్చింది అంతవరకే.