గరిటె పట్టి నిలిపిన బొమ్మ

జిల్బెర్తో ఫుర్తాడో చిప్పులు తయారుచేసేవాడు కాదు. తయారైన చిప్పు ఎందుకు పనికొస్తుందో చూపించేవాడు.

శాన్ హోసేలో మా కంపెనీ ఒక వీడియో ఆంప్లిఫయర్ అమ్మేది. లోపలికి వెళ్లిన బొమ్మకు పదింతల బలమిచ్చి, రెప్పపాటులో బయటికి పంపేది. ఎప్పుడూ పదింతలే. దానితో ఏమేం కట్టొచ్చో ఫుర్తాడో కట్టి చూసేవాడు. పనిచేసిన సర్క్యూట్లను నేను గీసేవాణ్ణి. అవి చిన్న పుస్తకంగా అచ్చయ్యేవి.

మేమిద్దరం అజోర్స్ దీవుల నుంచి వలస వచ్చిన కుటుంబాల వాళ్లం. మావాళ్లంతా పాల డైరీల్లోనో, పళ్ల డబ్బాల ఫ్యాక్టరీల్లోనో ఉండేవాళ్లు. ఫుర్తాడో ఒకసారి కాళ్లున్న చిప్పును వాళ్లమ్మ దెయోలిందాకు చూపించాడు. అప్పటినుంచి ఆవిడ అందరితో, "మావాడు పురుగుల్ని పెంచుతున్నాడు" అనేది.

ఆ జూన్‌లో పవిత్రాత్మ పండుగకు అతని కూతురు ఫిలొమెనాను రాణిగా ఎంచుకున్నారు. కిరీటం పెట్టేది గుడిలో. దెయోలిందా మోకాళ్లు ఆ మెట్లెక్కలేవు.

"మనవరాలి కిరీటం చూడకుండానే పోతాను కాబోలు."

"నువ్వు భోజనాల హాల్లో కూర్చో అమ్మా. అక్కడికే తెస్తా."

"గుడినా?"

"బొమ్మని."

"పురుగుతోనా?"

"పురుగుతోనే."

గుడిలో కెమెరా. వీధి దాటి హాలు దాకా తీగ. హాల్లో ఇళ్లనుంచి మోసుకొచ్చిన టీవీలు. ఒక్క బొమ్మను అన్నిటికీ పంచితే అన్నీ మసకబారతాయి, అందుకే పంచేముందు బలం పెంచాలి. ఫుర్తాడో రాగిరేకు మీద చిప్పును వెల్లకిలా అతికించి, రేకును ఇనుప పెట్టెలో, అంచులకు ఎక్కడా తగలకుండా బిగించాడు. కంపెనీ బల్ల మీద, సిగ్నల్‌ను తెర మీద గీతగా చూపే స్కోపు సూది ఆనించి చూస్తూ కట్టాడు. సూదితో వచ్చే క్లిప్పు రేకునూ పెట్టె అంచునూ కలిపి కరుచుకుని ఉండేది. బొమ్మ అద్దంలా వచ్చింది.

పండుగనాడు హాలంతా మాంసం రసం, పుదీనా వాసన. టీవీలు పెట్టారు. తెరల నిండా వంకర చారలు పరుగెత్తాయి.

వంట చూసే ఇదాలినా అత్త గరిటెతో బయటికొచ్చింది. "ఇదేం కిరీటం రా? చేపముళ్లలా ఉంది."

"పురుగుకి జబ్బు చేసినట్టుంది," అన్నాడెవరో. నవ్వులు.

దెయోలిందా నవ్వలేదు. "జిల్బెర్తో, ఊరేగింపు గుడి దగ్గరికి వచ్చేసింది. బ్యాండు వినిపిస్తోంది."

ఫుర్తాడో పెట్టె మూత తీసి అన్నీ తడిమాడు. ఒకచోట వేలు రేకుకూ పెట్టెకూ ఒకేసారి తగిలింది. చారలు పలచబడ్డాయి. వేలు తీశాడు. మళ్లీ వచ్చాయి.

"క్లిప్పు," అన్నాడు నాతో. "బల్ల మీద ఆ రెంటినీ కలిపింది స్కోపు క్లిప్పే. నేను తీగ వెయ్యలేదు."

అతికించే సామానంతా కంపెనీలో ఉంది. అతను చెయ్యి చాచాడు. "అత్తా, గరిటె!"

"నా చారులో ఉండేదిరా అది!"

తుడవకుండానే గరిటె కాడను రేకు మీద, కొసను పెట్టె అంచు మీద అదిమాడు.

తెరలన్నీ ఒక్కసారి తేటపడ్డాయి. ఫిలొమెనా గుడి మధ్యలో నడుస్తోంది. వెనక నేలమీద జీరాడుతున్న మఖమలు పైవస్త్రం. హాల్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

పెట్టె గోడవైపు ఉంది. ఫుర్తాడో వీపు టీవీల వైపు.

"ఏం జరుగుతోందమ్మా?"

"నువ్వు కదలకు."

"చెప్పొచ్చు కదా."

"మోకరిల్లింది. జడ కాస్త జారింది, మీ ఆవిడ సర్దుతోంది. ఫాదరు కిరీటం ఎత్తాడు." అంతలోనే ఆవిడ గొంతు హాలంతా వినబడింది. "పెట్టేశాడు! ఒరేయ్, నా మనవరాలికి కిరీటం పెట్టేశాడు!"

హాలు లేచి నిలబడింది. చప్పట్లు, ఏడుపులు, నవ్వులు. ఫుర్తాడో గోడకేసి చూస్తూ నవ్వుతున్నాడు. మోచేతి దాకా రసం కారుతోంది.

ఆ సోమవారం నా బల్ల దగ్గరికి వచ్చి, రేకుకూ పెట్టెకూ మధ్య వేలు పెట్టాడు.

"ఇక్కడ గీత గీయి. పొట్టిగా, లావుగా."

ఆ పుస్తకంలో అంత లావు గీత ఇంకెక్కడా లేదు. పేజీ మొదటి ప్రతి దెయోలిందా అడిగి తీసుకుంది. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ ఆ గీత చూపించి, "ఇది గరిటె" అనేది.