దొరగారి కళ్లు

మా పెదనాన్న వాచీలు బాగుచేసేవాడు. కంటికి భూతద్దం తగిలించుకుని, ఇసుక రేణువంత స్క్రూని పట్టకారుతో పట్టుకున్నాడంటే పక్కన పిడుగు పడ్డా తల ఎత్తేవాడు కాదు. అలాంటి మనిషి ఉన్నట్టుండి దుకాణం మూసేశాడు. "ఈ రోజుల్లో వాచీలు ఎవరు పెట్టుకుంటున్నారమ్మా, అందరికీ సెల్‌ఫోన్లేగా" అన్నాడు. ఉత్త మాట! చూపు తగ్గిపోతోంది. ఆ ముక్క మాత్రం ప్రాణం పోయినా ఒప్పుకోడు. కాఫీ గ్లాసు తనే తన్నేసి, "ఎవరిక్కడ పెట్టింది?" అని ఇంటిల్లిపాది మీదా విరుచుకుపడేవాడు.

చూపు ఇక తిరిగి రాదని డాక్టరు చెప్పింది మా పెద్దమ్మకే. ఆవిడ గుండె కూడా అంతంతమాత్రమే. "నాకేమన్నా అయితే ఈయన గతేంటే?" అని ఒకసారి నా దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది. నేను ఆవిడ చెల్లెలి కూతుర్ని, ఉండేది పక్కింట్లోనే. చేతికర్ర కొనిద్దామన్నాను.

"కొను. ముందు దాంతో నీ వీపు విమానం మోత మోగిస్తాడు" అంది.

మర్నాడు కొత్త కబురు. వాళ్ల కుక్కకి కళ్లు పోయాయట! తొమ్మిదైనా నిద్ర లేవదు కాబట్టి దాని పేరు దొరగారు. "పాపం, దొరగారికి ఏమీ కనబడటం లేదండీ. ఇక మీదట ఇంట్లో ఏ వస్తువూ జరపకూడదు" అని పెద్దమ్మ మొగుడికి గట్టిగా చెప్పేసింది.

ఇక చూడాలి ఆవిడ హడావుడి. పాత బట్టలు పేలికలుగా చించి, జడల్లా అల్లి, చుట్టలు చుట్టి కుట్టి, చోటుకో కాళ్లపట్టా చేసింది. వంటింటి గుమ్మానికి గరుకు గోనెపట్టా, స్నానాలగదికి తువ్వాళ్లతో మందంగా ఒకటి, మంచం పక్కన తన మెత్తటి నూలు చీరలతో ఇంకొకటి. పెరటి మెట్టు దగ్గర పుదీనా కుండీ, గేటు పక్కన మల్లె. దొరగారు వాసన పట్టి నడుస్తారట!

"కుక్కకి ఇంత భోగమేమిటి?" అని పెదనాన్న సణిగేవాడు. సణుగుతూనే ఇంట్లో చెప్పులు వదిలేసి నడవడం మొదలుపెట్టాడు. గ్లాసులు తన్నడం తగ్గింది. సాయంత్రాలు ఒక్కడే పెరట్లోకి వెళ్లి, మొక్కలకు నీళ్లు పోసి, పుదీనా ఆకు నలిపి వాసన చూసి, ఈల వేసుకుంటూ వచ్చేవాడు. పెద్దమ్మ చేతిలో పేలిక ఒళ్లో పడేసి ఆ ఈలే వింటూ కూర్చునేది.

ఒకరోజు ఆ గుడ్డి కుక్క గోడమీది పిల్లిని చూసి నా కళ్లముందే ఎగిరి దూకింది. నేను నోరు తెరిచేలోపే పెద్దమ్మ తొడపాశం పెట్టింది.

"ఆయన చెవిన పడిందో, నిన్ను చంపేస్తాను. కుక్క కోసమంటే నడుస్తాడు. తన కోసమని తెలిస్తే పట్టాలన్నీ వీధిలోకి విసిరేస్తాడు."

ఆ చలికాలంలోనే పెద్దమ్మ పోయింది. పెరటి గుమ్మానికి అల్లుతున్న పట్టా సగంలో ఉండిపోయింది.

వచ్చిపోయేవాళ్ల తొక్కిళ్లకి పట్టాలన్నీ మట్టికొట్టుకుపోతే, నేను ఉతికి ఆరేసి మళ్లీ వేశాను. నా బుద్ధి గడ్డి తిని, మంచం పక్కది తీసుకెళ్లి వంటింటి గుమ్మానికి వేశాను. పెదనాన్న అటు వస్తూ దానిమీద కాలు పెట్టి ఆగిపోయాడు. బొటనవేలితో ఆ చీరల మెత్తదనాన్ని తడుముతూ అలాగే నిలబడ్డాడు.

"అయ్యో, పొరపాటున మారిపోయింది పెదనాన్నా. దొరగారు తికమకపడతారు, ఉండు, తీసేస్తాను."

"దొరగారికేం, కళ్లు దివ్యంగా ఉన్నాయి" అన్నాడు.

పట్టా తీయబోయినదాన్ని ఆగిపోయాను.

"మొదటిరోజే తెలుసే నాకు. వీధిలో పోయే పిల్లి వెంట పడింది. అప్పటికి ఆ మాత్రం కనబడేది. పాపం మీ పెద్దమ్మ అంత సంబరంగా అల్లుతోంది కదా, బయటపెడితే చిన్నబుచ్చుకుంటుందని ఊరుకున్నాను."

గుమ్మంలోనే కూలబడ్డాడు. పట్టా రెండు చేతులా ఒళ్లోకి లాక్కున్నాడు.

"నాకేమీ కనబడటం లేదే తల్లీ. ఆ ఒక్క ముక్క మీ పెద్దమ్మతో అని ఉండాల్సింది. ఏడ్చేది. నేనూ ఏడ్చేవాణ్ణి. ఇద్దరం ఒకచోట కూర్చుని ఏడ్చి ఉండేవాళ్లం."

లేవదీయబోతే వద్దన్నాడు. పట్టా చంకలో పెట్టుకుని, మొదటిసారి నా ఎదుటే గోడ తడుముకుంటూ వెళ్లి, దాన్ని మంచం పక్కన తనే వేసుకున్నాడు.